దింపిన ఇంజను

బండి యజమాని జనార్దనయ్య గారితో పక్కకు వెళ్ళి మాట్లాడి వచ్చి, "ఇంజను దించాల్సిందే," అన్నాడు మెకానిక్ ఇషాక్.

ఆ మాటకు డ్రైవరు రోశయ్య వెళ్ళి బానెట్ మీద చెయ్యి వేశాడు. పద్దెనిమిదేళ్ళుగా స్టీరింగు పట్టినవాడు. బండిని ట్రాక్టరుకు కట్టి ఆత్మకూరు షెడ్డుకు లాక్కొచ్చే ఖర్మ ఇన్నాళ్ళలో ఎప్పుడూ పట్టలేదు.

అదేమన్నా చిన్నా చితకా బండా? ఏడుగురు దర్జాగా కూర్చునే తెల్లటి ఎస్‌యూవీ. జనార్దనయ్య గారు ఈసారి సర్పంచిగా నిలబడుతున్నారు. ఆ సంగతి బయటపడ్డ రోజు నుంచి బండి ఊరందరిదీ అయిపోయింది. ఆస్పత్రికని, పెళ్ళిచూపులకని ఎవరడిగినా ఆయన కాదనలేదు. డీజిలు కూడా ఆయనదే. అయ్యగారి ఓట్లన్నీ ఈ బండి మీదే నడుస్తున్నాయని రోశయ్య నమ్మకం.

అలాంటి బండి ఈ పొద్దున తాళం తిప్పితే ఉలకలేదు, పలకలేదు. ఎందుకో రోశయ్యకు తెలుసు. నిన్న ఉదయగిరి నుంచి పదకొండు మందిని కుక్కుకుని వస్తుంటే వేడి చూపించే ముల్లు పైకి లేచింది. ఆపుదామనుకున్నాడు. పెళ్ళివాళ్ళు తొందరపెట్టారు. ఆపలేదు. ఇంటికొచ్చి అయ్యగారికి చెప్పనూ లేదు.

ఇషాక్ బానెట్ ఊడదీసి గోడకు ఆనించాడు. బ్యాటరీ తీశాడు. ఆయిలంతా డబ్బాలోకి దించాడు. రేడియేటరు, గొట్టాలు, వైర్లు ఒక్కొక్కటే బయటికొస్తుంటే రోశయ్యకు తన పేగులే తీస్తున్నట్టుంది.

"ఆయిలు బాగానే ఉండాది గదా భాయ్?"

"నువ్వు పక్కకు జరుగన్నా," అన్నాడు ఇషాక్ తల ఎత్తకుండా.

జనార్దనయ్య గారు షెడ్డు ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ మంచితనమే రోశయ్యను కాల్చుకు తింటోంది.

షెడ్డు బస్టాండు పక్కనే. ఊరివాళ్ళు బస్సు దిగి నేరుగా వచ్చేస్తున్నారు. మొదట రాఘవమ్మ వచ్చింది.

"అయ్యా, రేపు కోడల్ని నెల్లూరు ఆస్పత్రిలో చూపించాల. బండి..."

"ఏం చెప్పేది రాఘవమ్మా, చూడు నా గతి!" అంటూ ఆయన లేచి, బండి ముందుభాగం దగ్గరికి తీసుకెళ్ళారు.

ఆవిడ తొంగి చూసి నోరు నొక్కుకుంది. "అయ్యో తండ్రీ! మా కోసం తిప్పీ తిప్పీ బండినే పోగొట్టుకుంటివే! నీకు గాక ఇంకెవురికేస్తామయ్యా ఓటు," అని ఆయన్నే ఓదార్చి బస్సు వెతుక్కుంటూ పోయింది.

తర్వాత హెన్రీ. ఆదివారం పాస్టరు గారినీ, పాటలు పాడేవాళ్ళనూ సంగం ఊరికి తీసుకుపోవాలట. అప్పటికి ఇంజను కప్పీ గొలుసుకు వేలాడుతోంది. జనార్దనయ్య గారు దాని పక్కన దిగులుగా నిలబడి హెన్రీ చేతే ఫోటో తీయించుకున్నారు. అది ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టించారు. పది నిమిషాల్లో నలభై మంది చేతులు జోడించిన బొమ్మలు పంపారు.

రోశయ్య ఇక ఓర్చుకోలేకపోయాడు. హెన్రీ అటు వెళ్ళగానే అయ్యగారి కాళ్ళ మీద పడ్డాడు.

"తప్పు నాదేనయ్యా! నిన్న బండి వేడెక్కినా ఆపకుండా తోలినాను. రేపు మీరు ఓడిపోతే నేను ఏ మొహం పెట్టుకుని ఊర్లో తిరగాల? బండి మళ్ళా రోడ్డెక్కేదాకా నాకు జీతమొద్దు."

జనార్దనయ్య గారు ఒక్క క్షణం ఆలోచించారు.

"నువ్వంతగా చెప్తాంటే నేనెందుకు కాదంటాన్రా," అన్నారు భుజం తట్టి. "లే, పోయి మొహం కడుక్కో."

ఎంత దొడ్డ మనసు! ఇంకొకరైతే ఈపాటికి మెడ పట్టి గెంటేవాళ్ళు. గెలిస్తే ఇలాంటి మనిషే గెలవాలని దణ్ణం పెట్టుకుంటూ రోశయ్య షెడ్డు వెనక కుళాయి దగ్గరికి వెళ్ళాడు. దోసిట్లో నీళ్ళు పట్టాడు. రేకు గోడ అవతల అయ్యగారు ఇషాక్‌తో మెల్లగా అంటున్నారు:

"ఇదిగో పొద్దున నేను పీకిన ఫ్యూజు, ఇది పెడితే చాలు పరిగెత్తే బండే గానీ, ఊరి చాకిరీ తప్పాలంటే ఓట్లయ్యేదాకా ఆ ఇంజను కిందనే ఉండాల."