తాబేలు నిరాహారదీక్ష

పిన్ని గోరువెచ్చని నీళ్ళలో నానబోసిన డబ్బా మేత గుళికల్ని వేళ్ళతో మెత్తగా చిదిమింది. కాస్త కీరా తురిమి అందులో కలిపి, పళ్ళెం వరండాలోకి తీసుకెళ్ళి తాబేలు ‘దొర’ ముందు పెట్టింది. తాబేలు మెడ చాచి వాసన చూసింది. తర్వాత పళ్ళెంలో కాలేసి, మేతను తొక్కుకుంటూ అవతలికి నడిచిపోయింది.

“ఏమంటారు దొరగారు?” చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగాడు భర్త.

“ఇవాళా అలిగారు.”

“కొత్తల్లుడు కూడా ఇన్నాళ్ళు అలగడు. నిరాహారదీక్షకు కూర్చుందేమిటి ఇది?”

మెట్ల మీద కూర్చున్న పిల్ల నవ్వలేదు. దొర డిప్ప మీద అంటిన మేతను గుడ్డతో తుడుస్తోంది.

దొరను తెచ్చి పెంచింది ఆ పిల్ల కన్నతల్లి. ఆమె పోయాక పొద్దున్నే ముల్లంగి ఆకులు తరిగి పెట్టే పని పిల్లకు వచ్చింది. హాస్టల్లో సీటు దొరికిందని తండ్రి చెప్పిన రోజున పిల్ల ఏడవలేదు, మారాం చేయలేదు. ఒకే ఒక్క మాట అడిగింది.

“నేను పోతే దీనికి ఆకులెవరు తరుగుతారు?”

తండ్రి భార్య వైపు చూశాడు. ‘నేను తరుగుతానులే’ అనడానికి ఎంతసేపు పడుతుంది? పిన్ని ఆ మాట అనలేదు. తల వంచుకుని గిన్నెలు తోముతూ ఉండిపోయింది.

“డబ్బా మేత అలవాటు చేద్దాం,” అన్నాడు తండ్రి చివరికి. “అది తినడం మొదలుపెట్టాకే వెళ్దువుగాని.”

“మాటేనా?”

“మాటే. కానీ నువ్వు దొంగచాటుగా ఆకులు పెట్టావో, నా మాటా చెల్లదు.”

“పెట్టను నాన్నా.”

అసలు హాస్టలన్న మాట ఆ ఇంట్లో పుట్టింది పిన్ని నోటినుంచే. పెళ్ళయిన కొత్తలో పిల్ల ఆమెతో పలికేది కాదు. వడ్డిస్తే పళ్ళెం పక్కకు నెట్టేది. ఒక సాయంత్రం పిల్ల మొహం మీదే తలుపేసుకుంటే పిన్నికి ఒళ్ళు మండిపోయింది. “ఏ హాస్టల్లోనో పడెయ్యండి. ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి!” అనేసింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. భర్త ఆ మాటకు ఎదురు చెప్పలేదు. నాలుగుచోట్లా తిరిగి, బతిమాలి, సీటు సంపాదించుకొచ్చి, “నీకోసమే,” అన్నాడు. ఇప్పుడు గుళికల పళ్ళెం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా పిన్నికి ఆ మాట అరికాల్లో ముల్లులా కలుక్కుమంటోంది.

“పిన్నీ, జడ కాస్త బిగించి వెయ్యి. మధ్యాహ్నానికే ఊడిపోతోంది,” అంటూ పిల్ల వచ్చి ఆమె ముందు కూర్చుంది.

“అక్కడ ఎవరేస్తారే నీకు జడ?”

“నేనే వేసుకోవాలి. వంకరటింకరగా వస్తుందేమో. తాబేలు నడిచినట్టు.”

పిన్ని నవ్వబోయింది. నవ్వు రాలేదు. దువ్వెన చేతిలోంచి జారిపోయింది.

“ఇక లాభం లేదు. సీటు మనకోసం ఆగదు,” అన్నాడు భర్త. “బుట్టలో పెట్టు దాన్ని. డాక్టరుకు చూపిద్దాం.”

పశువుల డాక్టరు పెద్దాయన. దొరను తూకం మీద పెట్టాడు. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ పెట్టాడు. లోపలికెళ్ళి దాని పాత తూకం చీటీ చూసొచ్చాడు.

“ఏమీ తినడం లేదన్నారు?”

“ముట్టడం లేదండీ.”

“ఉపవాసం చేసి లావెక్కిన ప్రాణిని ఇదే చూడ్డం. ఎవరో దీనికి కడుపునిండా ఆకులు పెడుతున్నారు నాయనా. విందు తిన్నవాడికి గంజి ఎక్కుతుందా?”

దారిపొడుగునా భర్త బండి విసురుగా నడిపాడు. వెనకాల బుట్ట ఒళ్ళో పెట్టుకు కూర్చున్న పిన్ని దాని మూత మాటిమాటికీ సవరించింది.

పిల్ల గేటు దగ్గరే ఎదురొచ్చింది. “జబ్బేం లేదుగా నాన్నా?”

“దానికేం, గుండ్రాయిలా ఉంది. రోజూ ఆకులు మేస్తోందట. ఎవరు పెడుతున్నారే?”

పిల్ల తండ్రిని చూసింది. బుట్టలో దొరను చూసింది. తర్వాత పిన్నిని చూసింది. పిన్ని చూపు నేలకు దించుకుంది.

“నేనే నాన్నా,” అంది పిల్ల.

“మాటిచ్చి తప్పావన్నమాట. అయితే నా మాటా తీరిపోయింది. బట్టలు సర్దుకో, ఇప్పుడే బయల్దేరుతున్నాం.”

“ఏవండీ, చిన్నపిల్ల. ఈ ఒక్కసారికి...”

“నువ్వు ఊరుకో. మధ్యలో దూరి చెడ్డపేరు తెచ్చుకోకు. ఇది నాకూ నా కూతురికీ మధ్య సంగతి.”

గదిలో పిన్ని పిల్ల బట్టలు సర్దింది. మడత పెట్టిందే మళ్ళీ విప్పి మడత పెట్టింది.

“నామీద కోపంగా ఉందా?”

“లేదు పిన్నీ.” పిల్ల గొంతు తగ్గించింది. “రేపట్నుంచి దానికి గుళికలే పెట్టు. తింటుంది.”

“తింటుందంటావా?”

“తింటుంది. ఇక తినొచ్చుగా.”

చెప్పాల్సిన మాట పిన్ని గొంతుదాకా వచ్చింది. బయట హారన్ మోగింది. మాట మళ్ళీ లోపలికి దిగిపోయింది.

పిల్ల సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, పిన్ని చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుంది. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆకులు పెట్టింది పిన్ని.