ఒకే గిన్నె

డాక్టరమ్మ మా ఇద్దరి రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసింది. మా ఆవిడకి షుగర్ తగ్గింది. నాకు పెరిగింది.

"ఇద్దరూ అన్నం మానేసి కొర్రలే తింటున్నారా?"

"ఒకే గిన్నెలోవండీ," అంది మా ఆవిడ. "మూడు నెలలుగా ఈయనకి ఆఫీసు బాక్సులో కూడా అవే పెడుతున్నా. మెతుకు మిగల్చరు పాపం. నా వంటలోనే ఏదో లోపం ఉంది. సరిగ్గా నానట్లేదేమో."

డాక్టరమ్మ కళ్లజోడు పైనుంచి నా వైపు చూసింది. నేను నేలచూపులు చూశాను.

"నాకెలాగూ తగ్గిందిగా. రేపట్నుంచి నా వంతు కూడా ఈయనకే పెడతాను."

ఆ మాటతో ఇక దాచలేకపోయాను.

"ఆఫీసు మేడ మీద పావురాలకి వేస్తున్నానే. నేను క్యాంటీన్లో తింటున్నా."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. రిపోర్టులు రెండూ మడిచి సంచిలో పెట్టుకుంది.

"పావురాలకైతే పచ్చివే వేసేవాళ్లం కదండీ," అంది నెమ్మదిగా. "రోజూ అయిదింటికి లేచి వండేదాన్ని కాదు."