పద్దెనిమిదో నంబరు

"మూడు ఓట్లూ నాగరాజుకే రాయి రాజన్నా," అన్నాడు పెంచల్.

"అదెలా కుదురుద్దండీ? ఆడు మీ బామ్మర్దండి!" అన్నాడు భీమరాజు, పెన్ను మూత కూడా తీయకుండా.

"సూర్యకిరణ్ నీ మేనల్లుడు గాదా?"

"ఆయ్, అయితే ఏటండీ? మావోడు ఆడాడండి. మీవోడు పడ్డాడండి."

ఇద్దరూ అంపైర్లే. ఆట ముగిసి అరగంటైంది. సాల్మియా సముద్రం పక్కన ఆగిన కంపెనీ వ్యానులో కూర్చుని ఓట్ల చీటీ మీద కొట్టుకుంటున్నారు. బయట చలిగాలిలో కడప జట్టూ గోదావరి జట్టూ వ్యాను చుట్టూ తిరుగుతూ అద్దాల్లోంచి తొంగి చూస్తున్నాయి.

ఈ ఆటను వాళ్ళ నెత్తిన పెట్టింది మేనేజరు మెక్కీ. పనివాళ్ళంతా ఆయన్ని అరబ్బీలో ముదీర్ అంటారు. వాళ్ళ ఆస్ట్రేలియా ఫుట్‌బాలట. బంతి కోడిగుడ్డులా ఉంటుంది. దాన్ని కాలితో తన్నొచ్చు, చేత్తో గుద్దొచ్చు, కావాలంటే ఎదుటివాడి వీపెక్కి అందుకోవచ్చు. అన్నిటికన్నా వింత, ఎవరు బాగా ఆడారో అంపైర్లే ఓట్లేసి తేల్చాలి. మొదటివాడికి మూడు, రెండోవాడికి రెండు, మూడోవాడికి ఒకటి. ఈల ఊదుతూ పరిగెత్తేవాడికి ఆట ఏం కనబడుతుందని అడిగితే, తమ దేశంలోనూ ఏటా ఇదే గొడవని మెక్కీ గర్వంగా చెప్పాడు.

గెలిచినవాడికి నెలరోజుల లీవు, పోనూ రానూ టికెట్టు. షర్క్‌లో కొత్త బిల్డింగుల పని నెత్తిమీదుందని ఈ మధ్య మెక్కీ ఎవరి లీవు మీదా సంతకం పెట్టడం లేదు. నాగరాజు పెళ్ళేమో వచ్చే మాఘంలో. ఇప్పటికే ఒకసారి వాయిదా పడింది. ఈసారి పెళ్ళికొడుకు రాకపోతే పిల్లను వేరే ఇంటికిస్తామని రాయచోటి నుంచి కబురొచ్చింది. "మా తమ్ముడు పెళ్ళికి రాకుంటే నువ్వు గూడా ఇంటికి రావాకు," అని పెంచల్ భార్య రెడ్డెమ్మ ఫోన్లో తేల్చేసింది.

సూర్యకిరణ్‌కి పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు. కానీ భీమరాజు గదిలో వంట వాడిదే. వాడికి కోపమొస్తే భీమరాజు కడుపుకి కష్టం.

"సరే, ఇద్దురికీ వద్దు," అన్నాడు పెంచల్ చివరికి. "పద్దెనిమిదో నంబరుకి రాయి."

"ఎవరండీ అతను?"

"ఎవురూ గాదు. చొక్కాల డబ్బాలో పదిహేడు తర్వాత పంతొమ్మిదే ఉండాది. గెలిచినోడే లేడంటే ముదీరు మళ్ళా ఆడిపిస్తాడు. ఆ పొద్దు మనిద్దరం జొరమని పండుకుందాం. వేరే అంపైరయితే మావోడి ఆట సూసే ఏస్తాడు. ఖలాస్."

భీమరాజుకి ఇది నచ్చింది. ఎవరు గెలిచినా పాపం తనది కాదు, కూర తనకి దక్కుతుంది. పద్దెనిమిదికి మూడు ఓట్లు రాసి, మిగతా రెండు గళ్ళూ ఖాళీగా వదిలి కవరు అంటించేశాడు.

మెక్కీ కవరు తీసుకున్నాడు. ఆటంతా ఆయన లావు కోటు మెడదాకా బిగించి గీత బయట నిలబడి అరుస్తూనే ఉన్నాడు. ఒకసారి బంతి దొర్లుకుంటూ దగ్గరికొస్తే తన్ని లోపలికి పంపాడు. ఇప్పుడా అరుపుల్లేవు. చీటీ చదివి, మళ్ళీ చదివి, "ఎయిటీన్," అన్నాడు మెల్లగా.

అంతా మొహామొహాలు చూసుకున్నారు. ముందుగా తేరుకున్నవాడు కడప జట్టు గంగాధర.

"మావోడే!" అని అరిచాడు. "ఎగిరి పట్టుకున్న్యాడు సూడు, ఆయప్పే!"

"మీవోడేటండీ బాబూ! ఆడిది అమలాపురమండి!" అని గోదావరి జట్టు ఎగబడింది.

"యాడి అమలాపురం? పొద్దున నా పక్కనే కూచోని దోసె తిన్న్యాడు!"

"నా చేత్తో మంచినీళ్ళిచ్చానండి ఆడికి!"

చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. ఒకడైతే పద్దెనిమిదోవాడికి తనే రెండు దినార్లు బాకీ అని ఒట్టేసి మరీ చెప్పాడు. వినగా వినగా పెంచల్‌కి కూడా ఆ పద్దెనిమిదోవాడు నిజంగానే బాగా ఆడాడేమో అనిపించింది.

మెక్కీ చెయ్యెత్తాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. కోటు జిప్పు కిందికి లాగాడు.

లోపల చొక్కా మీద పద్దెనిమిది.

"కుర్రతనంలో నాది ఈ నంబరే," అన్నాడు మెక్కీ. ఇంగ్లీషు వచ్చిన సూర్యకిరణ్ పక్కన నిలబడి ఒక్కో మాటా తెలుగులో చెబుతున్నాడు. "అందుకే డబ్బాలోంచి తీసి దాచుకున్నాను. ఈ వయసులో దిగడానికి సిగ్గేసి కోటు విప్పలేదు. బయట నిలబడి ఒక్క తన్ను తన్నాను. అదీ చూశారు మీరు! మా దేశంలో ఒక్క అంపైరుకీ ఇంత కన్ను లేదు."

ఇద్దరు అంపైర్లనూ చెరో చంకలో పెట్టుకుని గట్టిగా హత్తుకున్నాడు. కడపా, గోదావరీ అని లేకుండా రెండు జట్లూ చప్పట్లు కొట్టాయి. అమలాపురం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

వెనక నుంచి నాగరాజు గొంతు సన్నగా వినబడింది. "బావా, మరి నా లీవు?"

మెక్కీ చంకలోంచే పెంచల్ ఆ మాట అడిగించాడు. సూర్యకిరణ్ అడిగాడు. మెక్కీ నాగరాజును దగ్గరికి పిలిచి ప్రేమగా భుజం తట్టాడు.

"నువ్వేం దిగులు పడకు. మాఘమంతా ఊళ్ళో గడిపి నేను తిరిగి రాగానే మొదటి సంతకం నీ లీవు మీదే."