డబ్బీ మీద పేరు

“ఇంకోసారి చూడు నర్సమ్మా. ఆ డబ్బీలో టీబీ ఉండే వీల్లేదు,” అంది పెద్దావిడ, బల్ల అంచు వదలకుండా.

రెండుసార్లు చూశామనీ, కళ్ళె నిండా క్రిములేననీ నర్సు చెప్పింది. ఆ మాట పూర్తి కాకుండానే పెద్దావిడకి దగ్గు తెర వచ్చింది. పైట నోట్లో కుక్కుకుని వంగిపోయింది. తేరుకున్నాక మళ్ళీ అదే పాట. డబ్బీలు తారుమారై ఉంటాయట.

నర్సు డబ్బీ తెచ్చి చూపించింది. “దీని మీద ఉన్నది మీ పేరేనా?”

“పేరు నాదే.”

“మరింకేంటి?”

పెద్దావిడ డబ్బీ వైపు చూడకుండా సంచి దగ్గరికి లాక్కుంది.

ఇలాంటివాళ్ళు నర్సుకి కొత్త కాదు. లేదని దబాయించి, మందులు తీసుకోకుండా గుమ్మం దాటితే మళ్ళీ కనబడరు. కనబడినా స్ట్రెచర్ మీదే. బయట బెంచీల నిండా దగ్గులు వినిపిస్తున్నా, ఓపిక తెచ్చుకుని మెత్తగా అడిగింది. అప్పటికి సంగతి కాస్త బయటపడింది. పెద్దావిడది హాస్టల్ వంటింట్లో కూరగాయలు తరిగే పని. జబ్బు లేదని కాయితం తెస్తే తప్ప గడప తొక్కనివ్వనన్నాడట మేనేజరు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ జీతం మీదే. ఇక్కణ్ణించి నేరుగా పనిలోకి పోదామని కత్తిపీట కూడా సంచిలో పెట్టుకొచ్చింది.

“మందులు ఊరికే ఇస్తాం. మానకుండా మింగితే నయమైపోతుంది,” అంది నర్సు. “ఇంట్లో ఎవరెవరుంటారు?”

“కోడలు, మనవడు. వాడింకా పాకుతున్నాడు.”

ఇక భయపెట్టక తప్పదనుకుంది నర్సు. “అయితే వాడి కోసమైనా మింగండి. పసివాళ్ళకి అంటుకుంటే మెదడు దాకా పోతుంది. ఈ డబ్బీలో ఉమ్మిన మనిషి వాణ్ణి ఒళ్ళో పెట్టుకుంటే వాడికి ముప్పే.”

పెద్దావిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. పైట కళ్ళకి అద్దుకుని ఏడవసాగింది. దగ్గు పట్టినప్పట్నుంచీ తాను వాణ్ణి ముట్టుకోనైనా లేదనీ, వసారాలో వేరే పడుకుంటున్నాననీ గొణిగింది.

“మంచి పనే చేశారు. మరి ఏడుపెందుకు?”

“నా కళ్ళె ఇస్తే పని పోతుందని, దుక్కలా ఉంది కదా అని, ఆ డబ్బీలో నా కోడలి చేత ఉమ్మించానమ్మా.”