కెప్టెన్ గారి ఎర్రగీత

సీటు బెల్టు బిగించుకుంటుంటే శివపార్వతి చేతులు వణికాయి.

"ఏసీ చలి," అంది, ఎవరూ అడక్కుండానే.

"ఏసీ ఇంకా వెయ్యలేదక్కా!" అన్నాడు పక్క సీట్లోంచి తమ్ముడు వీరాస్వామి. విమానంలో ఉన్న చుట్టపక్కాలంతా గొల్లున నవ్వారు.

విమానం నడిపేది ఎవరో కాదు, శివపార్వతి మొగుడే. కెప్టెన్ నరసింహారావు గారు. ముప్ఫై ఏళ్ళకు పైబడి టర్బోప్రాప్ విమానాలు నడిపిన మనిషి. అదేనండీ, రెక్కలకి పంకాలు గిర్రున తిరుగుతుంటాయే, ఆ చిన్న విమానాలు. రేపటితో ఆయనకి అరవై అయిదు నిండుతాయి. ఆ పైన జనాన్ని ఎక్కించుకుని నడపడానికి రూల్సు ఒప్పుకోవు. కంపెనీ వాళ్ళు ముచ్చటపడి, "ఇవాళ ఈ విమానం మీదే సార్, మీ వాళ్ళందరికీ ఓ చుట్టు తిప్పి తీసుకురండి," అన్నారు.

గన్నవరంలో లేవడం, తెనాలి మీదుగా రేపల్లె, అక్కణ్ణుంచి బాపట్ల సముద్రం దాకా వెళ్ళి వెనక్కి రావడం. అదీ ప్లాను.

రేపల్లె శివపార్వతి పుట్టిల్లు. "మీ ఊరు నీకు పైనుంచి చూపిస్తానే," అని పెళ్ళయిన కొత్తలోనే మాటిచ్చేశారు కెప్టెన్. ఉద్యోగం మొత్తమ్మీద ఆయనకి తీరని కోరిక అదొక్కటే. ఎప్పుడు రమ్మన్నా ఆవిడకి ఏదో ఒకటి అడ్డొచ్చేది. అమావాస్య అనేది. తలనొప్పి అనేది. గ్యాసబ్బాయి బండ తెస్తానన్నాడు, ఇంట్లో లేకపోతే ఎలా అనేది. భయం అని మాత్రం చచ్చినా ఒప్పుకోదు. అసలావిడ నిచ్చెనెక్కి అటక మీద ఆవకాయ జాడీ దించిన పాపాన పోలేదు.

ఇవాళ మాత్రం తప్పించుకోలేదు. తప్పించుకోవాలనీ అనుకోలేదు. "ఆయన చివరి రోజు. ఇవాళ కూడా ఎక్కకపోతే నేనేం మనిషినిరా?" అంది తమ్ముడితో. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా వచ్చి మొదటి వరుసలో కూర్చుంది.

కెప్టెన్ గారి చాదస్తం గురించి కూడా కాస్త చెప్పుకోవాలి. ఇంజిన్‌కి హద్దులుంటాయి. టేకాఫ్‌కి పూర్తి బలం వాడితే అయిదు నిమిషాలే, ఆ తర్వాత తగ్గించి తీరాలి. స్టార్ట్ చేసేటప్పుడు లోపలి వేడి చూపించే సూది ఎర్రగీతని దాటకూడదు. దాటేలా ఉందంటే ఆ క్షణమే ఇంధనం ఆపేయాలి. లేకపోతే లోపలి భాగాలు మాడిపోతాయి.

ఈ హద్దులు ఆయనకి వేదం. ఇంట్లో మిక్సీకి కూడా మినహాయింపు లేదు. పచ్చడి సగంలో ఉండగా స్విచ్ కట్టేసి, "చల్లారనివ్వు," అంటారు. "ఈయన ఇంట్లో ఉంటే అల్లప్పచ్చడి చేసుకున్నట్టే!" అని ఆవిడ తల కొట్టుకునేది.

బయల్దేరే ముందు కెప్టెన్ ఓసారి వెనక్కి వచ్చారు.

"పార్వతీ, బానే ఉన్నావా?"

"నాకేంటండీ, నిక్షేపంలా ఉన్నాను. మీరెళ్ళి నడపండి," అంది నవ్వుతూ. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆయన వెళ్ళి తన సీట్లో కూర్చున్నారు. చిన్న విమానం, మధ్యలో తలుపు కూడా లేదు. పక్కన కో-పైలట్ శశిధర్. కొత్త కుర్రాడు.

కుడి ఇంజిన్ స్టార్టయింది. పంకా తిరిగింది. మోత అందుకుంది. వెనకాల చుట్టాలు చప్పట్లు, ఈలలు!

ఉన్నట్టుండి కెప్టెన్ ఇంధనం మీట వెనక్కి లాగేశారు. మోత కాస్తా ఆగిపోయింది.

"వేడి హద్దు దాటేలా ఉంది," అన్నారు మైకులో. "ఇవాళ్టికింతే. అందరూ దిగండి."

శశిధర్ ఆయన వంక చూశాడు. "సార్, ఇంకొక్కసారి ట్రై చేస్తే..."

"మెకానిక్కులు చూడందే ముట్టుకోను."

వీరాస్వామికి ఒళ్ళు మండింది. రేపల్లెలో రైసుమిల్లు నడుపుతాడు, ఇంజిన్లంటే తనకీ తెలుసని నమ్మకం. "ఇదేంటి బావా! మా మిల్లు ఇంజిన్ రోజూ వేడెక్కుతుంది. కాసేపు ఆపి మళ్ళీ కొడతాం. అక్కడ రేపల్లెలో జనం మేడలెక్కి కూర్చున్నారు, మనకి చెయ్యి ఊపడానికి!"

"దిగి రమ్మని ఫోన్ చెయ్యి."

"రేపు నువ్వు నడపలేవు బావా! ఇవాళ పోతే ఇంకెప్పుడు?"

"హద్దంటే హద్దేరా," అన్నారు కెప్టెన్, టోపీ తీసి చంకలో పెట్టుకుంటూ.

"మంకుపట్టు మనిషి," అని గొణిగింది ఓ పెద్దావిడ. "చివరి రోజు కూడా రూల్సేనా," అంది ఇంకొకావిడ. అందరూ మూతులు ముడుచుకుని, వచ్చిన బస్సే ఎక్కి రేపల్లె దారి పట్టారు.

తెనాలిలో టిఫిన్‌కి ఆగారు. శివపార్వతి రెండు పెసరట్లు లాగించి, మూడోదానికి చెప్పింది. అప్పుడు గుర్తొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఇన్నేళ్ళ కోరిక, మీ చేతికందాక ఇలా అయిందేంటండీ? ఎవరు చేశారండీ ఆ దిక్కుమాలిన ఇంజిన్ని? వాళ్ళ చేతులు పడిపోను!"

"పోనీలే, పాపం. దాన్నెందుకు తిడతావు," అని ఆయన తన పెసరట్టు కూడా ఆవిడ ప్లేట్లో వేశారు.

మర్నాడు మెకానిక్కులు ఇంజిన్ని అణువణువూ వెతికారు. లోపమన్నది దొరకలేదు. చీఫ్ ఇంజినీరు తల గోక్కుని శశిధర్‌ని పిలిచాడు. "సూది ఎందాకా వెళ్ళిందయ్యా?"

శశిధర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఎర్రగీత దరిదాపుల్లోకి కూడా వెళ్ళలేదండి, మీట లాగినప్పుడు సార్ అసలు సూదినే చూడట్లేదు, మెడ వెనక్కి తిప్పి అమ్మగారిని చూస్తున్నారు."