వాగు లోతు

"ఈ స్నార్కెల్ గొట్టం బిగిస్తే ఇంజన్ బండి కప్పు ఎత్తునుంచి గాలి పీల్చుకుంటుంది. బానెట్ దాకా మునిగినా బండి ఆగదు," అన్నాడు మెకానిక్, డ్రిల్లు చేతపట్టుకుని.

అల్లుడు తన పికప్ వైపు చూస్తూ నీళ్ళు నమిలాడు. "బంగారంలాంటి బాడీకి బెజ్జం ఎందుకు మామయ్యా? వద్దులెండి."

"అదేంటి? మొన్న వానల్లో మీ అత్తయ్యను ఆస్పత్రికి తీసుకెళ్దాం, బండి తెమ్మంటే, వాగు పొంగింది, ఇంజన్లోకి నీళ్ళు పోతాయన్నావుగా!"

"అవును మామయ్యా. ఇదిగో, ఇక్కడిదాకా ఉన్నాయి." చేత్తో ఛాతీ దాకా చూపించాడు.

మామగారు ఆ చేతినే చూస్తూ నెమ్మదిగా అన్నారు: "ఆ వాగులోంచే మీ అత్తయ్యను ఎత్తుకుని దాటాను నాయనా. నాకు మోకాళ్ళు కూడా తడవలేదు."

తర్వాత మెకానిక్ వైపు తిరిగారు. "బిగించెయ్యవయ్యా. ఈసారి పిలిస్తే మావాడికి సాకు దొరక్కూడదు."

ఛాతీ దగ్గరే ఉండిపోయిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో అల్లుడికి తెలియలేదు.