ఎర్ర రుమాలు

"చంపేటోడివి నువ్వేనా, కాదా? ఆ ఒక్క ముక్క చెప్పు పిలగా. అప్పటిదాంక పిల్ల బయటికి రాదు."

జమ్ములమ్మ ఆ మాట అడిగేసరికి హన్మంతు నోటి దాకా పోయిన కారప్పూస మళ్లీ ప్లేటులోకే రాలింది. పక్కన కూర్చున్న అతని తల్లి బాలమ్మ "అంజన్నా!" అంటూ కొంగు సర్దుకుంది. పిల్లను చూసుకుందామని ధరూర్ నుంచి ఖిల్లా ఘణపూర్ దాకా వస్తే, పిల్ల నానమ్మ ఇంట్లోనే పోలీసు ఠాణా పెట్టేసింది.

ముసలామెను అనీ లాభం లేదు. సాయంత్రం "ఎర్ర రుమాలు" సీరియల్ మొదలైందంటే ఆ చుట్టుపక్కల ఊళ్లలో పొయ్యి మీద అన్నం మాడాల్సిందే. అందులో ఎస్సై పార్వతమ్మ ఒక హంతకుడి వెంట పడుతుంది. వాడెవడో ఎవరికీ తెలీదు. మనిషిని చంపుతాడు, మొహం మీద ఎర్ర రుమాలు కప్పుతాడు, మాయమైపోతాడు. ఆ సీరియల్లో దవాఖాన కాంపౌండర్ వేషం మన హన్మంతుదే. చూసేవాళ్లలో సగం మందికి అనుమానం అతని మీదే.

ఆ అనుమానం నిజమే. కానీ ఆ సంగతి హన్మంతుకు, డైరెక్టరుకు తప్ప మూడో మనిషికి తెలీదు. "బయటికి పొక్కిందో, హంతకుణ్నే మార్చేస్తా. జాగ్రత్త!" అని డైరెక్టర్ ముందే వేలు చూపించాడు.

"గది ఉత్త యాక్టింగ్ అవ్వా," అన్నాడు హన్మంతు. "ఇంట్ల నేను చీమను గూడ తొక్కను. కావాల్నంటే మా అమ్మనడుగు."

"యాక్టింగని నాకు తెల్వదా? నేనేమన్న ఎర్రిదాన్నా? టీవీల చంపేది నువ్వా, ఇంకోడా? గది చెప్పు."

"గదే చెప్పొద్దని రూలు."

"మా ఇంట్ల గూడ ఒక రూలుంది. చెప్పకుంటే పిల్లనియ్యం. ఏం మల్లేశూ, గంతే గదరా?"

పిల్ల తండ్రి మల్లేశ్ పుట్టి బుద్ధెరిగాక తల్లి మాటకు అడ్డం చెప్పినవాడు కాదు. తలూపాడు.

పరదా వెనక గాజులు గలగలమన్నాయి. నిరోష అక్కడే ఉంది. ఫోటో చూసిన నాడే హన్మంతు ఆమె మీద మనసు పారేసుకున్నాడు. చేసుకుంటే ఈ పిల్లనే, లేకపోతే పెళ్లే వద్దని తల్లికి తెగేసి చెప్పాడు. కానీ ఏ నానమ్మ మాత్రం హంతకుడికి మనవరాలినిస్తుంది? ఇక అబద్ధం ఆడక తప్పదనుకున్నాడు.

"నేను కాదవ్వా. బీచుపల్లి అంజన్న మీద ఒట్టు! ఆ కాంపౌండర్ వట్టి అమాయకుడు."

ఒట్టయితే వేశాడు గానీ, కొబ్బరికాయ కొడతానని అంజన్నకు మొక్కుకుని మనసులోనే లెంపలేసుకున్నాడు.

జమ్ములమ్మ మొహం చిన్నబోయింది. "అయ్యో, గట్లనా! అయితే ఛాయ్ తాగి లెవ్వుండ్రి."

"అదేంది పెద్దమ్మా!" బాలమ్మ లబలబలాడింది. "మా పిలగాడు ఎవర్నీ చంపలేదంటుండు గద!"

"గదే గదమ్మా పరేషాన్! అమాయకుడు సీరియల్ల ఎన్నొద్దులుంటడు? పాలు పోసేటోడు అమాయకుడు, సచ్చిండు. బడిపంతులు అమాయకుడు, సచ్చిండు. రేపో మాపో నీ కొడుకు మొహం మీద గూడ రుమాలు కప్పుతరు. గప్పుడు కొలువేది? ఆఖరిదాంక ఉండేది ఇద్దరే, ఆ ఎస్సైయమ్మ, ఆ చంపేటోడు. కొలువు నిలిచేటోనికే మా పిల్లనిస్తం."

హన్మంతు దిగ్గున లేచాడు.

"అవ్వా, నేనే! పాలాయన్ను నేనే చంపిన. పంతులును నేనే చంపిన. అందర్నీ నేనే చంపిన!"

వీధిలో పోతున్న ఆటో ఆగిపోయింది. బాలమ్మ చేతిలో ఛాయ్ ఒలికింది. జమ్ములమ్మ మాత్రం జరిగి జరిగి అతని పక్కకే వచ్చింది.

"నిజమేనా? మరి అంజన్న మీద ఒట్టు?"

"రెండు కొబ్బరికాయలు కొడత."

"ఇంక ఎంతమందిని చంపుతవు బిడ్డా?"

"ఏడాదికి సరిపోను ఉన్నరు."

"మా నాయనే! బంగారమసొంటి పిలగాడు!" జమ్ములమ్మ అతని బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. "ఇంక చూస్తవేంది మల్లేశూ? తాంబూలం తే!"

"జర ఎవ్వరికీ చెప్పకు అవ్వా, నీ కాళ్లు మొక్కుత."

"నా నోట్లకెళ్లి ఒక్క మాట బయట పడితే అడుగు, పో!"

ఆమె ఆ మాట నిలబెట్టుకుంది కూడా. తాంబూలాలు మార్చుకున్నారు. నోళ్లు తీపి చేసుకున్నారు. కాసేపు మాట్లాడుకోండని పిల్లనూ పిల్లగాణ్నీ వాకిట్లో వదిలేశారు. హన్మంతుకు నేల మీద కాలు ఆనడం లేదు.

"చంపేది మీరే అని నాకు ముందుగాల్నే తెల్సు," అంది నిరోష సిగ్గుపడుతూ. "మా దోస్తులే నమ్మకపోతుండె. అందుకే మీరు లేచి 'నేనే, నేనే' అంటుంటే పరదా వెనక నుంచే వీడియో తీసిన. మా ఆయనే అని స్టేటస్ పెట్టిన. వనపర్తిల, నాగర్‌కర్నూల్ల గూడ అందరి ఫోన్లల్ల అదే తిరుగుతుందంట!"

ఆ మురిపెం చూస్తే హన్మంతుకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది. అంతలో జేబులో ఫోన్ మోగింది. డైరెక్టర్!

"శుభాకాంక్షలు హన్మంతూ, పెళ్లి కుదిరిందట కదా. రేపు పొద్దున్నే షూటింగ్‌కు వచ్చెయ్. డైలాగులేం లేవులే, కదలకుండా పడుకుంటే చాలు. రుమాలు మేం కప్పుతాం."